పోడు అన్నందుకు

ముంచింగిపుట్టు దగ్గర కొండల్లో సోంబరు అనే రైతు ఉన్నాడు. అతని తోటలోకి మిట్టమధ్యాహ్నం వెళ్లినా ఎండ నేలకి తగలదు. పనస, నేరేడు, వాటికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఇరవై రెండేళ్లుగా అతనూ, భార్య కృపావతీ నీళ్లు మోసి బతికించినవే అన్నీ. అంతకు ముందు సోంబరు నాన్న ఆ వాలు మీద పొదలు కాల్చి సామలు చల్లేవాడు. అలా కాల్చి సాగుచేసే భూమిని పోడు అంటారు. కాల్చడం ఎప్పుడో మానేసినా ఇంట్లో ఆ పేరు పోలేదు. ఇప్పటికీ "పోడుకెల్తన్నాను" అంటే కాఫీ తోటకి వెళ్తున్నానని అర్థం.

కొంప ముంచింది ఆ మాటే.

నిరుడు ప్రభుత్వం అడవి, కాఫీ, నీరు, భూమి అన్నింటినీ ఒకే పర్యావరణ ప్రణాళిక కిందికి తెచ్చింది. మంచిదే, కాదనను. నేను ఈ ఊరి బడిలో పంతులిని, పిల్లలకి గొప్పగా చెప్పాను కూడా. ట్యాబ్ పట్టుకొచ్చిన సర్వే అమ్మాయి "నీది ఏం భూమి?" అని అడిగితే సోంబరు "పోడమ్మా" అన్నాడు. ఆమె అదే నొక్కింది. ట్యాబ్‌లో పోడంటే కాల్చేసిన కొండ, అంటే అడవి మొక్కలు నాటాల్సిన చోటు. పది రోజులకి తోటలో గోతులు తవ్వడానికి సున్నం గుర్తులు పడ్డాయి, సరిగ్గా కాఫీ మొదళ్ల మీద. చెట్లున్న చోట చెట్లు పెంచడానికి కాపుమీదున్న మొక్కలు పీకుతారట! పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికెవడో.

పూర్వం ఒక ఆఫీసులో తప్పు పడితే రెండో ఆఫీసుకి తెలిసేది కాదు. ఇప్పుడన్నీ కలిపారు కదా, అతనితో కలిసి నేనూ నాలుగు ఆఫీసులు తిరిగితే నాలుగు కంప్యూటర్లూ అదే తప్పు చూపించాయి. సోంబరేమో ప్రతి గుమ్మం ముందూ చెప్పులు విడిచి దండం పెట్టాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి ఆ ప్రణాళిక చూసే అధికారి వరహాలరావు గారు స్వయంగా తోట చూడ్డానికొచ్చారు. చుట్టూ తిరిగి "ఇది పోడు కాదయ్యా" అన్నారు.

"అదే కదా బాబూ నాను సెప్తన్నాది! బేగి మార్సీండి."

"మారిస్తే అడవి అని పడుతుంది. నీ పట్టాలో మాత్రం పోడు భూమి అనుంది. అడవైతే ఇక ఆ పట్టా చెల్లదు."

"కాఫీ తోట అని రాయండి సార్!" అని అరిచాను నేను.

ఆయన ట్యాబ్ నా చేతికే ఇచ్చారు. ఈ కొండ సర్వే నంబరుకి రెండే గడులు, పోడు, అడవి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. సోంబరుకి రెండు పక్కలా గొయ్యే.

కృపావతి ముందుకొచ్చింది. "పోడే ఉంచీండి బాబూ. గోతులు తవ్వినా నేల మాదేనుంటాది."

నిన్న నేను వెళ్లేసరికి సున్నం పడిన మొక్కల్ని ఆమే తవ్వి తీస్తోంది. పచ్చికాయలున్నాయి వాటికి. పరాయివాళ్లు పీకితే చూడలేనంది.

"మీకు సదువొచ్చుగదా మాస్టారూ," అంది తలెత్తకుండా, "మేం పెంచిందాన్ని ఏటంటారు?"

నేను వంగి, మొక్కని రెండో పక్క నుంచి పట్టుకున్నాను.