సున్నాకి ఎమ్ము

దయ్యాల కథ ఎవరైనా మొదలెడితే లేచి టీకి వెళ్లిపోయే రకం నేను. కరీంనగర్‌లో శ్మశానం పక్క సందులోనే పెరిగాను. అక్కడ నాకు కనిపించనిది ఇంకెక్కడ కనిపిస్తుంది? అయినా ఆ శుక్రవారం జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను.

అప్పుడు గల్ఫ్‌లో, బనియాస్ అనే చోట ఒక కంప్యూటర్ షాపులో పని. ఇళ్లలోకి వైర్‌లెస్ అప్పుడప్పుడే వస్తోంది. వైరు లేకుండా ఇంటర్నెట్ తెప్పించే మొనగాణ్ణని నాకు కొమ్ములుండేవి.

గోదావరి వైపు మండపేట నుంచి అక్కడికి వచ్చిన నర్సు రత్నం సిస్టర్ ఇంట్లో వైర్‌లెస్ ఇచ్చే పెట్టె, యాక్సెస్ పాయింట్, కాలిపోయింది. అది ఆమె భర్త ఇమ్మానుయేలు గారు పెట్టింది. ఆయన పోయి ఏడాది. ఇండియాలో ఉన్న వాళ్లమ్మాయి చందనకి ఆ మధ్యాహ్నమే చెవి ఆపరేషన్. పుట్టుకతో వినపడని పిల్ల, వెబ్‌క్యామ్‌లో తల్లితో చేతులతోనే మాట్లాడేది. అమ్మను చూడందే థియేటర్‌లోకి రానని మంచం పట్టుకు కూర్చుంది. ఫోన్‌లో బుజ్జగిద్దామంటే ఆ పిల్లకి వినపడదు. జుమా నమాజు వేళ కావడంతో నెట్ కేఫ్‌లన్నీ మూసేశారు.

కొత్త పెట్టె బిగించాను. అన్నీ కుదిరాయి గానీ, ఇంటర్నెట్ కనెక్షన్ పాస్‌వర్డ్ అడిగింది.

"ఆయన పాప పేరే ఎట్టానని అనేవోరండి," అన్నారు సిస్టర్.

ఇంగ్లీషు అక్షరాల్లో చందన అని కొట్టాను. తప్పంది. పెద్దక్షరాలతో కొట్టాను, చివర ఇంకో ఏ తగిలించాను. ఊహూఁ. కంపెనీకి ఫోన్ చేస్తే, కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఆయన్నే రమ్మన్నారు. సిస్టర్ ముఖం చూడలేకపోయాను. నా కొమ్ములు అక్కడే విరిగాయి.

అప్పుడే వెనక నుంచి ఒక మగగొంతు, విసుగ్గా:

"సున్నాకి ఎమ్మెట్టండి మరి!"

సిస్టర్ వాళ్ల అన్నో ఎవరో అనుకుని తిరిగి చూడలేదు. చందనలో చ పక్కన సున్నా ఉంది కదా, అక్కడ ఎన్ తీసేసి ఎమ్ కొట్టాను. పచ్చ దీపం వెలిగింది!

తెర మీద చందన రెండు చేతులూ ఊపేసింది. సిస్టర్ వేళ్లతో ఏం చెప్పారో గానీ, పిల్ల నవ్వి, మంచం దిగి, తనే లోపలికి నడిచింది. "ఖలాస్ సిస్టర్, గెలిచినం!" అని గంతులేశాను. నా పెళ్లిలో కూడా అంత సంబరపడలేదు.

"మీ అన్నకు మస్తు తెలివుంది సిస్టర్."

"ఏ అన్నయ్యండీ? ఇంట్లో మనిద్దరవే కదండీ."

విన్నది చెప్పాను. ఆమె ఏడుస్తూనే నవ్వేశారు. ఆయన సున్నా కనబడితే ఎమ్మే రాసేవారట. పెళ్లి కార్డు మీద మండపేటని కూడా ఇంగ్లీషులో మమ్‌డపేట చేశారట.

నాకే తట్టి ఉంటుందని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. నాకు తడితే "సున్నకు ఎం వెట్టు" అని తట్టాలి గదా! గోదావరి యాసలో, అండీ, మరీ కలిపి నాకెందుకు తడుతుంది? ఈ రోజుకీ తెలియదు.

చందనకి ఇప్పుడు వినపడుతుంది. తండ్రి గొంతు మాత్రం ఎప్పుడూ వినలేదు. అందుకే నాకు ఫోన్ చేసినప్పుడల్లా, "మా నాన్న గొంతు ఎలా ఉంటాది మావయ్యా?" అని అడుగుతుంది.

దయ్యాలను నమ్మని నేనే, "జర ఇసుగ్గుంటది బిడ్డా," అని చెబుతాను.