ఎనిమిది సున్నా అయిన రోజు

ఈ ఉదయం ల్యాబులో ఒక విద్యార్థిని టంకం వేస్తుంటే, ఆ పొగ వాసనకి మునిరత్నం సార్ గుర్తొచ్చారు. తిరుపతిలో మా పాలిటెక్నిక్‌లో ఆయన ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్. నేను కొత్తగా లెక్చరర్‌గా చేరినప్పుడు, పుస్తకాల్లో చదివిన విద్యను నా చేతుల్లోకి తెచ్చింది ఆయనే.

ఆ ఏడాదే ఆయన రిటైర్ కావాలి. ఏదో పాత యంత్రంలోంచి ఊడదీసిన నాలుగు గాజు గొట్టాలను ఏళ్ల తరబడి దాచుకున్నారు. ఒక్కోదానిలో వెంట్రుకంత తీగలు ఏడు. బల్బులో తీగలాగే వేడెక్కి వెలుగుతాయి. వెలిగిన తీగలను బట్టి అంకె కనబడుతుంది. వాటితో ఇద్దరం గడియారం కట్టాం. మొదటిసారి కరెంటు ఇస్తే అక్కర్లేని తీగలు కూడా మసకగా వెలిగాయి. నాకేమీ అర్థం కాలేదు.

"తీగకు ముందూ ఎనకా తెలీదమ్మా. యాడ దారి దొరికితే ఆడికి పోతాది కరెంటు," అంటూ ఒక్కో తీగకీ ఒక డయోడ్ పెట్టించారు. కరెంటును ఒకవైపే పోనిచ్చే ఆ ముక్కలు ఇరవై ఎనిమిది అతికించేసరికి వారం పట్టింది. వోల్టేజీ మాత్రం నాలుగు దాటనివ్వలేదు. "మసగ్గా ఉంటే ఉండనీ. ఈ గొట్టాలు మళ్లా దొరకవు."

ఆయన వీడ్కోలు సభలో గడియారాన్ని వేదిక మీద పెట్టాలనుకున్నాం. పగటి వెలుతురులో అంకెలు కనబడవేమోనని, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు నేను వోల్టేజీ పెంచాను. అంకెలు భగ్గుమన్నాయి. కాసేపటికే చివరి గొట్టంలో మధ్య తీగ తెగిపోయింది. ఇక ఎనిమిది వచ్చినా సున్నాలాగే కనబడుతుంది.

సభలో ప్రిన్సిపాల్ అది గమనించి అడిగారు. నేను నోరు తెరిచేలోపే సార్ లేచారు. "నేనే సార్. పొద్దున వోల్టేజీ ఎక్కువ పెట్టేసినాను."

తర్వాత వరండాలో ఆయన్ని ఆపాను. "అది నేను చేసిన పని సార్."

"నువ్వెందుకు చేస్తావమ్మా? నేను తిప్పింది నాకు బాగా గుర్తుండాదే." ఆ ముఖంలో నటన కనబడలేదు.

రెండేళ్ల తర్వాత వడమాలపేటలో ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. "మతిమరుపమ్మా," అన్నారు ఆయన భార్య. "ఉద్యోగంలో ఉన్నప్పుడే మొదలైనట్టుండాది. మేమే కనిపెట్టలేదు."

అయినా ఆయన ముందు కూర్చుని, ఆ తీగ కాల్చింది నేనేనని మళ్లీ చెప్పాను. "పోనీలేమ్మా. మిగతా ఆరు వెలగతా ఉండాయి గదా," అన్నారు.

ఇప్పుడాయన లేరు. ఆ రోజు నా కోసం అబద్ధమాడారో, నిజంగా తానే చేశానని నమ్మారో నాకు తెలియదు. ఆ మన్నింపు నాకే ఇచ్చారో, ఎదురుగా కూర్చున్న ఎవరో మనిషికి ఇచ్చారో అదీ తెలియదు. ల్యాబులో ఏదైనా కాలిపోతే, ఎవరు చేశారని అడగడానికి మాత్రం నాకు ఇప్పటికీ నోరు రాదు.