నేను చదవలేని బొంతల పత్రిక

బొంతలు కుట్టుకోవడం ఎలాగో చెప్పే పత్రికని డబ్బులిచ్చి కొనేవాళ్ళలో, అరబ్బు దేశంలో మేముండే ఈ అబూ హలీఫా మొత్తానికి నేనొక్కదాన్నే మిగిలానట. ఈ సంగతి చెప్పింది మా ఇంటి కింద పుస్తకాల కొట్టు నడిపే మలయాళీ ఆయన. ఆయన హిందీ, నా హిందీ రెండూ అతుకులవే కాబట్టి మాటలు బాగానే కలుస్తాయి.

"వచ్చే నెల నుంచి తెప్పించను దీదీ. నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోవడం లేదు. ఖలాస్."

ఇక్కడ బియ్యం అయిపోయినా ఖలాసే, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు అయిపోయినా ఖలాసే. నా పత్రికకి కూడా అదే మాట వాడేసరికి ఒళ్ళు మండింది. శుక్రవారం వచ్చి మాట్లాడతాను, అంతదాకా ఆపొద్దని చెప్పి మెట్లెక్కాను.

ఇంట్లో వదినతో చెప్పుకోవడం నా తెలివితక్కువ. మా అన్న భార్య ఆమె. అందరం ఒకే ఫ్లాట్లో ఉంటాం. నన్ను ఆటపట్టించకపోతే ఆమెకి అన్నం అరగదు.

"పోనీలే మే, మంచిదే. ఆ సంచికలన్నీ ఒక సంచిలో వేసి కిందికి దించేద్దాం."

"అవేం చెత్త కాదు వదినా."

"చెత్త అని నేనన్న్యానా? నువ్వే అంటాండావు. అయినా అరబ్బీ పుస్తకమది. నీకు ఒక్క అక్షరమన్నా వస్తాదా?"

"రాదు."

"మరి?"

"బొమ్మలుండాయి గదా."

"ఫోన్లో బొమ్మలు కదుల్తాండాయి తల్లీ. దారం ఎక్కించేది కూడా చూపిస్తాండారు."

కదులుతాయి, నిజమే. నాకు చిక్కంతా ఆ కదలడంతోనే. పగలంతా దర్జీ కొట్లో, ఇక్కడి ఆడవాళ్ళు పైన తొడుక్కునే అబాయాల అంచులు మడిచి కుట్టే మనిషిని, కుట్టు రాక కాదు. కానీ నేను సూదిలో దారం ఎక్కించేలోపు ఆ వీడియోలో అమ్మాయి బొంత దులిపి మడత పెట్టేస్తుంది. ఆపితే ఫోన్ నిద్రపోతుంది. లేపితే ముందు ప్రకటన చూడమంటుంది. ఒక చేత సూది, ఒక చేత ఫోన్. ఇంక గుడ్డ పట్టుకోవడానికి ఎవర్ని పిలవాలి?

పత్రిక అలా కాదు. తెరిచి పెడితే తెరిచినట్టే ఉంటుంది. పైగా నన్ను హాయిగా తప్పు చేయనిస్తుంది.

మొదటిసారి కొన్నప్పుడు జరిగిందది. అరబ్బీ రాత కుడి నుంచి ఎడమకి పోతుందని నాకు తెలుసు. బొమ్మలు కూడా దాని వెంటే పోతాయని తోచలేదు. అంకెలు వేసుంటే గుర్తుపట్టేదాన్నే, వేయలేదు. తెలుగు చదివిన కళ్ళు కదా, ఎడమ చివర బొమ్మ దగ్గర మొదలుపెట్టాను. అందులో బొంత చుట్టూ అంచు పట్టీ ఉంది. సరేనని పాత చీర పరిచి ముందు అంచు కుట్టాను. దాని లోపల ఇంకో వరస, దాని లోపల ఇంకోటి. అన్నీ అయ్యాక నడుమ నక్షత్రం మిగిలింది. పుస్తకం వాళ్ళు మొదలుపెట్టింది ఆ నక్షత్రంతోనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. వాళ్ళ గుట్టు తెలియకుండానే నా కుట్టు పూర్తయింది.

తలకిందులుగా చేశానని దాన్ని దాచబోతుంటే వదినే లాక్కుని విప్పింది. వేలితో వరసల మీద తడిమింది.

"మా అవ్వ ఇట్లనే కుట్టేది మే. అంచు నుంచి లోపలికి, చుట్టూ చుట్టూ. పుస్తకంలో మనోళ్ళ కుట్టు యాడిది?"

పుస్తకంలో లేదు. నేను వెనక నుంచి చదివితే వచ్చింది. ఆ మాటే ఇప్పుడు గుర్తు చేశాను.

"ఒప్పుకుంటా. ఫోన్ కూడా వెనక నుంచి చూడు, ఎవరొద్దన్న్యారు?"

"చూస్తే కుట్టినవన్నీ ఊడిపోతాయి వదినా!"

నవ్వు ఆపుకోలేక వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఓడిపోయాననైతే అనలేదు. ఆమె నోట ఆ మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు.

శుక్రవారం కొట్టుకి వెళ్ళాను.

"అరబ్బీ నేర్చుకున్నావా దీదీ?" అన్నాడాయన నవ్వుతూ.

"లేదు, నేర్చుకోను కూడా. నేర్చుకుంటే సరిగ్గా కుట్టేస్తాను."

ఆయనకి అర్థమైనట్టు లేదు. గడ్డం గోక్కున్నాడు. "ఒక్క కాపీ కోసం వాళ్ళు పంపరు. తక్కువలో తక్కువ రెండు తీసుకోవాలి. రెండోది ఎవరు కొంటారు?"

"నేనే."

"ఒకే పుస్తకం రెండా? ఏం చేసుకుంటావు?"

"ఒకటి వాళ్ళ వైపు నుంచి చూస్తాను," అన్నాను. "ఇంకోటి మా వైపు నుంచి."