రెండు చక్రాల బండి, అరవై కిలోల పంది

జ్ఞానానందానికి పెద్దవాళ్ల మాట కాదనడం చేతకాదు. జర్మనీలోని వాల్డార్ఫ్‌లో పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే అతని ఉద్యోగం. అయినా ఎదురుగా నెరిసిన తల కనిపిస్తే చాలు, నోట్లోంచి "సరేనండి" వచ్చేస్తుంది. ఆ సరే వల్లే నవంబరులో హెర్ బెండర్, అంటే బెండర్ గారు, నాలుగు రోజులు మంచం దిగలేదు.

బెండర్ కింది వాటాలో ఉంటాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఊరి పక్క అడవిలో ముప్పై ఏళ్లుగా వేట హక్కు ఆయనదే. మొక్కజొన్న చేలో అడవి పందులు పడితే రైతులు ముందు ఆయనకే ఫోన్ చేస్తారు. కిందటేడు తుంటికి ఆపరేషన్ అయింది. బరువు లాగినా, తోసినా కీలు జారుతుందన్నారు డాక్టర్లు. వేటలో తుపాకి పేల్చడం క్షణం పని. చచ్చిన జంతువును రోడ్డు దాకా చేర్చడమే అసలు చాకిరీ. దానికి సాయం వచ్చే స్నేహితులిద్దరూ కరోనా మొదలయ్యాక గడప దాటడం మానేశారు.

జ్ఞానానందం మార్చి నుంచి ఇంట్లోంచే పని చేస్తున్నాడు. ఒకరోజు చెత్త డబ్బాల దగ్గర, ఇటొకరు అటొకరు దూరంగా నిలబడి మాట్లాడుకుంటుండగా బెండర్ అడిగాడు.

"మీకు బండి లాగడం వచ్చా?"

గ్యారేజీలోంచి అల్యూమినియం చట్రం, లావుపాటి గాలి టైర్లు ఉన్న రెండు చక్రాల బండి బయటికి తీశాడు. జ్ఞానానందం సరేనన్నాడు.

"సాఫ్ట్‌వేర్ అని చెప్పి చేసుకున్నారు. ఇప్పుడు పందుల బండా?" అంది భార్య దేవకుమారి.

"మా నాన్న చేపల వ్యాను తోలాడు కదా కుమారీ. వంశం నిలబెడుతున్నాను."

మొదటి పంది జబ్బ ఇంటికొచ్చి, గోంగూరతో ఉడికాక ఆవిడ దెప్పడం తగ్గించింది.

నవంబరులో ఇసుక దారిలో బండి కూరుకుపోయింది. బెండర్ చేతికర్ర చెట్టుకు ఆనించి వెనక నుంచి చెయ్యి వేశాడు. వద్దనాలని జ్ఞానానందానికి నోటి దాకా వచ్చింది. కానీ తండ్రి వయసువాడు. "సరేనండి, మెల్లగా," అన్నాడు. రోడ్డు చేరేసరికి పెద్దాయన కాలు ఈడుస్తున్నాడు.

రెండో రోజు హైడల్‌బర్గ్ నుంచి ఆయన కూతురు బిర్గిట్ వచ్చింది. మాస్కు పెట్టుకుని మెట్ల కింద నిలబడి అడిగింది.

"మీరు అక్కడే ఉన్నారట. ఎందుకు ఆపలేదు?"



ఆవిడ తండ్రితో గట్టిగానే చెప్పింది. ఇంకొక్కసారి మాత్రం వెళ్లనిస్తుంది. ఆ రోజు తనే వచ్చి రోడ్డు దగ్గర ఉంటుంది. ఆయన బండి మీద చెయ్యి వేశాడని తేలితే తుపాకి బీరువా తాళంచెవి ఆ రోజే తీసుకెళ్లిపోతుంది. బెండర్ నవ్వేశాడు. జ్ఞానానందానికి నవ్వు రాలేదు. తను "సరే" అన్నందుకు ఇంకొకాయన ముప్పై ఏళ్ల అడవి పోయేలా ఉంది.

డిసెంబరు మూడో శనివారం తెల్లవారుతుండగా ఒక్కటే గుండు పేలింది. మగ పంది. బెండర్ దాని కడుపు శుభ్రం చేసి, పైన్ కొమ్మ విరిచి నోట్లో పెట్టాడు. చచ్చిన జంతువుకు వేటగాడు పెట్టే ఆఖరి ముద్ద అది. ఇంకో కొమ్మ, వేటాడినవాడి వాటాకు గుర్తుగా, తన టోపీలో దోపుకున్నాడు. జ్ఞానానందం తాళ్లు కట్టి ఎలాగో పందిని బండెక్కించాడు. బరువు ఇరుసుకు కాస్త ముందుకు పడేలా సర్ది, పట్టీలు బిగించాడు. దాదాపు అరవై కిలోలుంటుంది.

ఇసుక దారి మొదలైన వంద అడుగులకే చక్రాలు దిగబడ్డాయి. లాగాడు. కదల్లేదు. తిరిగి చూస్తే బెండర్ కర్ర అప్పటికే చెట్టుకు ఆనించి ఉంది.

"ఒక్క తోపు చాలు. బిర్గిట్ కిలోమీటరు అవతల ఉంది. మీరు చెప్పరుగా?"

"హెర్ బెండర్..."

"మొన్న సరే అన్నారుగా!"

"మొన్న తప్పు చేశాను," అన్నాడు జ్ఞానానందం. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ముట్టుకోకండి. వెళ్లి ఆ మొద్దు మీద కూర్చోండి."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఈ అడవిలో నన్ను కూర్చోమన్నవాడు ఇంతవరకూ లేడు."

"కూర్చోండి."

జ్ఞానానందం చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చక్రాన్ని చూస్తుంటే పేరుపాలెం తీరం గుర్తొచ్చింది. అక్కడ ఇసుకలోకి వ్యాను దించే ముందు నాన్న టైర్లలో గాలి తీసేవాడు. అతను టైరు మూత విప్పి పుల్లతో నొక్కాడు. గాలి బుస్సుమంది.

"పిచ్చా మీకు? పంపు తేలేదు!" అని మొద్దు మీంచి కేక వేశాడు బెండర్.

అప్పటికి ఆయన కూర్చునే ఉన్నాడు.

రెండో దాంట్లోనూ గాలి తీశాక టైర్లు అడుగున వెడల్పుగా పరుచుకున్నాయి. ఈసారి బండి ఇసుకలోకి దిగకుండా, బద్ధకంగా, పైపైన కదిలింది. అర కిలోమీటరుకు ఆరుసార్లు ఆగాల్సి వచ్చింది. ఇసుక దాటాక గట్టి నేల మీద ఆ మెత్తటి టైర్లతో ఇంకా కష్టమైంది. బెండర్ పది అడుగులు వెనగ్గా, కర్ర ఊతంతో నడిచాడు.

బిర్గిట్ కారు దిగి ముందు తండ్రి గ్లవ్జులు చూసింది. తర్వాత ఆయన నడక చూసింది. చివరికి జ్ఞానానందం వైపు తిరిగింది.

"చెయ్యి వేశాడా?"

"వేయబోయారు. వద్దన్నాను."

"మీరా?"

"మొద్దు మీద కూర్చోబెట్టాడు, బడి పిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు," అన్నాడు బెండర్, టైర్ల వైపు చూస్తూ.

మాస్కు వెనక ఆవిడ నవ్విందో లేదో తెలియలేదు. కారు డిక్కీ తెరిచి, "వచ్చే శనివారం పంపు తెచ్చుకోండి," అంది.

బెండర్ టోపీలో కొమ్మ తీసి రెండుగా తుంచాడు. సగం బండి అంచు మీద పెట్టి, దూరం జరిగాడు.

"జంతువును ఇంటికి చేర్చినవాడికీ వాటా ఉంటుంది," అన్నాడు.

జ్ఞానానందానికి అలాంటి టోపీ లేదు. మంకీ క్యాపు మడతలో దోపుకున్నాడు.

తలుపు తీస్తూనే దేవకుమారి అడిగింది. "ఏవండీ, చెవి దగ్గర ఆ కొమ్మేంటి?"

"బెండర్ గారిచ్చారు."

"మరి మాంసమో?"

"మాంసంలో పురుగుల్లేవని పరీక్ష రిపోర్టు రావాలి. బుధవారం."

"అయితే అందాకా ఆ కొమ్మే వండుకుందాం," అందావిడ.

జ్ఞానానందం కొమ్మ తీసి కిటికీ గట్టు మీద పెట్టి, సైకిలు పంపు వెతకడానికి కిందికి దిగాడు.