మూర్తిగారి కషాయం

అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా వీధి చివర ఉండే మూర్తిగారు డేటాబేసులు చూసుకునే ఇంజినీరు. వారాంతం వస్తే మాత్రం తెలుగువాళ్లందరికీ ఆయనే వైద్యుడు. నేను కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటానని తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో ఆయన చెవిన పడింది.

"అది స్లో పాయిజనమ్మా! స్టాప్ చేసెయ్. నా కషాయం తాగు, రెండు నెలల్లో డ్యాన్స్ చేస్తావు" అన్నారు.

చదువుకున్న మూర్ఖురాలిని. డాక్టరుకు చెప్పకుండా మందు మానేసి, కషాయం మొదలుపెట్టాను.

రెండో నెలలో వాళ్లింట్లోనే సత్యనారాయణ వ్రతం. హారతికి అందరూ లేచారు. కింద కూర్చున్న నాకు మోకాళ్లు కదల్లేదు. లేవబోయి నేలకు చెయ్యి ఆనిస్తే మణికట్టు భగ్గుమంది, కెవ్వున అరిచాను. పంతులుగారి మంత్రం ఆగిపోయింది. ఇద్దరు ఆడవాళ్లు చంకల కింద చేతులేసి, అంతమంది ముందు నన్ను పసిపిల్లలా లేపారు.

"కషాయం సరిగ్గా మరిగించి ఉండవు" అన్నారు మూర్తిగారు, తర్వాత ప్రసాదం నములుతూ.

అంతలో వాళ్లావిడ కేకేసింది: "ఏమండీ, మీ బీపీ ట్యాబ్లెట్ టైమైంది!"

ఆయన బుద్ధిగా వెళ్లి వేసుకున్నారు.

మర్నాడే డాక్టరుకు నిజం చెప్పి, మందు మళ్లీ మొదలుపెట్టాను. మూర్తిగారిని ఏమనను? ఆయన తన మందు ఒక్క పూటైనా మానలేదు. ఆపాటి తెలివి నాకే లేకపోయింది.