స్వామికి వీపు పెట్టని ఫోటోలు

నేను ఎక్కిన ప్రతి కొండకూ నా నోటుబుక్కులో ఒక పేజీ ఉంది. ఏ దారిన ఎక్కాను, ఎక్కడ జారాను, పైన ఏ కీర్తన పాడాను, అన్నీ రాస్తాను. దేవుళ్లంతా కొండలెక్కి కూర్చుంటే భక్తుడు కింద కూర్చోవడం ఏం మర్యాద? తొంభైల్లో యాత్రకు పోయి మంచుకొండల్లో తీసిన ఫోటోలు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. వాటిలో ఒక్క ముఖమూ కనిపించదు. అన్నీ వీపులే. ఆ అలవాటు మా ఊరి గుట్ట మీద మొదలైంది.

మా ఊరు గోదావరికి ఇవతల, అడవి అంచున. భజన మండలికి మా పెద్దనాన్న పెద్ద. మోకాళ్లు అరిగి గుట్టలెక్కడం మానుకున్నాక, నా నోటుబుక్కు ఆయనకు కట్టుకథల పుస్తకంలా కనిపించసాగింది. ఎనభైల్లో ఒక కార్తీకంలో, మండలిని మొత్తం ఊరి వెనక గుట్ట ఎక్కిస్తానని, పైనుంచి భద్రాచలం గోపురం చూపిస్తానని అన్నాను.

"వీళ్లనా? గీ మద్దెలాయన అరుగెక్కితెనే రొప్పుతడు!" అన్నాడు పెద్దనాన్న.

మద్దెలాయన మా బావ. తల దించుకున్నాడు.

"ఎక్కుతరు పెద్దనాయినా. ఫోటో తెస్త."

"తే మరి. గుట్ట మీద అందరి ముఖాలు కనపడాలె. లేకుంటే నీ పుస్తకం గోదాట్ల కలుపు. గుట్టల ముచ్చట మళ్ల ఎత్తకు."

అందరి ముందూ సరేనన్నాను.

భద్రాచలం నుంచి కెమెరా కిరాయికి తెచ్చాను. రీలులో మూడు ఫోటోలే మిగిలి ఉన్నాయి. చెప్పులు గుట్ట కిందే విడిచి ఎక్కడం మొదలుపెట్టాం. సగం దూరంలో బావ ముఖం ఎర్రబడింది.

"మద్దెల ఇటియ్యి బావా."

"వద్దు. దాన్ని నేను మోస్తలేను, అదే నన్ను గుంజుకపోతాంది."

పైకి చేరేసరికి మంచు విడిపోయింది. దూరంగా తెల్లటి చుక్క.

"గదిగో గోపురం!" అని చూపించాను.

"గోపురమా, కారఖానా పొగగొట్టమా?" అన్నాడు బావ.

"ఏదైతేంది, స్వామి గటే ఉన్నడు. దండం పెట్టు!" అన్నాను.

అందరూ అటు తిరిగి చేతులు జోడించారు. భజన ఎత్తుకున్నారు.

"ఒక్కసారి ఇటు తిరుగుండ్రి!" అని అరిచాను.

"స్వామికి వీపు పెట్టి నీకు పండ్లు ఇకిలించాల్నా?" అన్నాడు బావ, దరువు ఆపకుండానే.

గుడిలోంచి వచ్చేటప్పుడు కూడా వెనక్కి వెనక్కి నడిచే మండలి మాది. పోనీ నేనే ముందుకు పోయి నిలబడదామంటే, అప్పుడు స్వామికి వీపు పెట్టేది నేనవుతాను. కాళ్లు కదల్లేదు. మూడు ఫోటోలూ వెనక నుంచే తీశాను. పుస్తకం గోదాట్లో కలిసినట్టేనని దిగుతున్నంతసేపూ అనుకున్నాను.

వారానికి ఫోటోలు వచ్చాయి. పెద్దనాన్న అద్దాలు పెట్టుకున్నాడు. నేను నోటుబుక్కును ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను.

"ముఖాలేవిరా?"

"గుడి గటుంది పెద్దనాయినా."

ఆయన ఒక్కో వీపు మీదా వేలు పెట్టి చూశాడు. "గీ చినిగిన అంగీ మద్దెలాయనది. కుట్టించుకోమని ఎన్నిసార్లు చెప్పిన!" మూడు ఫోటోలూ మళ్లీ తిప్పి చూశాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు. "అబద్ధానికి ఫోటో దిగితే అందరు కెమెరా దిక్కే చూద్దురు. స్వామి కనపడ్డడు గనకనే వీపులొచ్చినయి. ఎక్కిండ్రు పో!"

పుస్తకం ఇటివ్వమని తీసుకుని, అన్నం మెతుకులు మెదిపి, ఆ ఫోటోలు తనే అంటించాడు.

"గోపురం నిజంగ కనపడ్డదా?"

"కనపడ్డది. లేకుంటే పొగగొట్టం."

"రెండూ రాయి," అన్నాడు. "పక్కన జర జాగ ఉంచు. మోకాళ్లు బాగైతే నా వీపు గూడ అంటియ్యాలె."