నూలు కాలని రాయి

అమ్మకు గుండెదడ. రాట్నం ముందు కండెలు చుడుతూ చుడుతూ ఆగిపోయి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకునేది. మాది రామన్నపేటలో నేత ఇల్లు. దవాఖానకు నల్లగొండ పోదామంటే అమ్మ రానంది. నాయిన ఒక్కడే వెళ్లి, యునానీ వైద్యం చేసే ఒక హకీము దగ్గర పచ్చరాయి బిళ్ళ తెచ్చాడు. పోలీసు యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయి పదేళ్లు దాటినా అక్కడ హకీముల మాటకు విలువ తగ్గలేదు.

దాన్ని హౌల్‌దిల్ అంటారట. గుండెకు తగిలేలా కట్టుకుంటే దడ లాగేస్తుందట. పచ్చ అని పేరే గానీ తళుకు లేదు. నూనె రాసినట్టు నున్నగా, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది.

రాయి అసలుదైతే, దానికి నూలు బిగించి చుట్టి దీపం మీద పెడితే పోగు కాలదని హకీము చెప్పాడట. మా ఇంట్లో నూలుకు కరువా? నాయిన ఒక పోగు తెంపి చుట్టాడు. మసి అంటింది గానీ పోగు తెగలేదు.

"సూశినవా? అసలుదే. ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

ఆ రోజంతా వాకిట్లో పోయేవాళ్లను పిలిచి మరీ ఆ పోగు చూపించాడు. రాయిని అంత పరీక్ష చేసిన మనిషికి అమ్మను ఎట్లాగైనా ఒప్పించి పరీక్ష చేయించాలని తోచలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాకు మాత్రం తోచిందా?

చింతపండుతో తోమొద్దని, ఉత్త నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవాలని నాకు పని అప్పజెప్పాడు. ఎట్లుందని రోజూ అమ్మను అడిగేవాడు. తక్కువైందనేది అమ్మ.

ఏడాది తిరిగేసరికి ఆమె కాళ్లు వాచాయి. అప్పుడు దవాఖానకు తీసుకుపోయాం. ఇన్నాళ్లు ఏం చేశారని డాక్టరు అడిగాడు. నాయిన రాయి చూపించి, "అసలుదే సార్" అన్నాడు. డాక్టరు మందుల చీటీ రాశాడు.

నాయిన మందులకు వెళ్లగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కనాడు గుడ తక్కువ కాలే బిడ్డా. మీ నాయిన గంత సంబురపడ్డడు, కాలేదని ఎట్ల చెప్పాలె?"

మూడో రోజు అమ్మ పోయింది.

నాయిన ఆ తరువాత చాలా ఏళ్లు బతికాడు. అమ్మను ఏడాది నిలబెట్టింది ఆ రాయేనని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. చెప్పి నావైపు చూసేవాడు.

"గంతేనా బిడ్డా?"

"గంతే నాయినా" అనేదాన్ని.